భవనాశి వెంట వేసవి నడక

నరసింహజయంతి వైశాఖ శుద్ధ చతుర్దశినాడు వచ్చును. అనగా ఎండలు మిక్కిలి ముదిరిన వేళ. మన సీమలో ఆ దినములందు పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణము. 45 డిగ్రీలను తాకుటయు వింత కాదు. అయినను ఆ పర్వమునకు అహోబిలము చేరి, ఎగువ సన్నిధి మొదలుకొని జ్వాలానరసింహుని గుహ వరకు భవనాశి యేటి వెంట కాలినడకను పోవువారు ప్రతి సంవత్సరమును ఎందరో కలరు. పాఠశాలలకు సెలవులును అప్పుడే. బనగానపల్లె, కోయిలకుంట్ల, నంద్యాల ప్రాంతముల కుటుంబములకు ఒక్క దినములో పోయి రాదగిన దూరమున అడవియు, ఏరును, కొండయు ఒక్కచోట దొరకు తావు ఇంతకంటె మేలైనది లేదని నా యభిప్రాయము. భక్తితో పోవువాడైనను, వినోదమునకు పోవువాడైనను, ఆ దారి యిద్దరిని ఒక్క తీరుగనే పరీక్షించును. కనుక ఆ దారి యెట్టిది, మండువేసవిలో సైతము అచ్చట నీరు ఏల నిలుచును, ఎండ ఏ వేళ ప్రమాదకరమగును అను సంగతులను ముందుగా తెలిసికొని పోవుట మంచిది. కాలికి శ్రమ తగ్గదు గాని, ప్రాణమునకు భయము తగ్గును.

బనగానపల్లె నుండి బయలుదేరువారు కోయిలకుంట్ల, ఆళ్లగడ్డల మీదుగా పోవుదురు. ఈ దారి కుందూనది లోయలోనిది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, నడుమ నల్లరేగడి మైదానము. పైరులు కోసిన పిమ్మట ఈ నేల ఎండకు ఎండి, చేయి దూరునంత బీటలు వారును. చెట్టు నీడ యనునది బాట ప్రక్కన వేప, చింతలకు తప్ప కనబడదు. 1948 వరకు బనగానపల్లె నవాబుల సంస్థానము గనుక, ఆ కాలపు యాత్రికుడు ఈ ప్రయాణములో ఒక సంస్థానపు ఎల్లను దాటి మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లాలో అడుగు పెట్టవలసి యుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి రెండు తావులును నంద్యాల జిల్లాలోనివి. కోయిలకుంట్ల చేరినప్పుడు, 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన యూరు ఇదియేయని పెద్దలు పిల్లలకు చెప్పక మానరు. ఆళ్లగడ్డలో బాట కిరుప్రక్కల శిల్పుల ఉలి చప్పుడు వినవచ్చును. అది దాటిన పిదప తూర్పున నీలముగ కనబడుచున్న కొండవరుస క్రమముగ పెరిగి, దిగువ అహోబిలము చేరునప్పటికి ఎదుట గోడవలె నిలుచును. అచ్చట నుండి ఎగువ అహోబిలమునకు 8 కిలోమీటర్లు. ఇది బండి పోవు దారియే. నడక అటుపిమ్మట ప్రారంభమగును.

ఈ కొండగోడను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఏలయనగా ఏటిలోని నీటి రహస్యమంతయు ఆ రాతిలోనే కలదు. బనగానపల్లె పేరు లోకమునకు మామిడిపండు వలన తెలియును. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. భూగర్భశాస్త్రజ్ఞులకు మాత్రము అది యొక రాతిపొర పేరు. మన యూరి చుట్టుప్రక్కల బయల్పడిన, వజ్రములు దొరకిన ఆ గులకరాతి పొరకు వారు బనగానపల్లె పొర యని పేరిడి, కర్నూలు ప్రాంతపు శిలలన్నిటికి అడుగుపొరగా లెక్కించుదురు. నల్లమల శిలలు అంతకంటెను పురాతనములు. నూరుకోట్ల సంవత్సరములకు పైబడిన వయస్సు వానిది. ఒకప్పుడు సముద్రగర్భములో పేరుకొనిన ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైటు అను మిక్కిలి కఠినమైన రాయి యయ్యెను. ఇసుక పొరల నడుమ పేరుకొనిన బురద పలకరాయి యయ్యెను. పిమ్మట భూమి లోపలి యొత్తిడికి ఈ పొరలు మడతలు పడినవి. ఎర్రమలలలో పొరలు చాప పరచినట్లుండగా, నల్లమలలలో అవి ముడుతలు పడిన దుప్పటివలె నుండును. అహోబిలములో తల యెత్తి చూచినప్పుడు అగపడు ఎర్రని నిట్రాతి కొండచరియలు ఆ క్వార్ట్‌జైటువే.

క్వార్ట్‌జైటు తనలో నీటిని పీల్చుకొనదు. కాని దానియందు నిలువుగ, అడ్డముగ లెక్కలేనన్ని పగుళ్లు కలవు. కొండపై కురిసిన వాన ఆ పగుళ్లలో దిగిపోయి, నీరు చొరనీయని పలకరాతి పొర యడ్డువచ్చు వరకు క్రిందికి జారి, అచ్చట ప్రక్కకు మరలి, లోయ ఆ పొరను కోసిన తావున ఊటగ బయటికి వచ్చును. పగుళ్లు సన్నములు, దారి దీర్ఘము. అందువలన కార్తికములో కురిసిన వాన వైశాఖములో ఊరుటలో ఆశ్చర్యము లేదు. మన యాగంటి కోనేరును ఎరిగినవారికి ఇది సులభముగ బోధపడును. అచ్చటి కొండరాళ్లు వేరైనను, కొండ తన లోపల నీటిని దాచుకొని కొంచెము కొంచెముగ విడుచుట అను ధర్మము రెండు చోట్లను ఒక్కటియే. నల్లమలలో ఇట్టి యూటగల లోయను కోన యందురు. కోన యను మాట వినినంతనే బాటసారికి దప్పి సగము తీరును.

అయితే వేసవి భవనాశిని చూచి, ఇది యేరా యని నిరాశ పడువారును కలరు. నిజముగ చూడగా అప్పుడు కనబడునది గుండ్రాళ్ల ప్రవాహమే గాని నీటి ప్రవాహము కాదు. ఏనుగుగున్నలంత గుండ్లు, వాని నడుమ నిలువనీటి మడుగులు. ఒక మడుగునకును వేరొక మడుగునకును సంబంధము లేనట్లుండును. కాని చెవి యొగ్గి వినినచో కొన్ని చోట్ల రాళ్ల క్రింద నీరు పారు చప్పుడు వినబడును. ఏరు ఎండిపోలేదు, ఇసుకలోను రాళ్లలోను దాగి నడచుచున్నది. అడుగున గట్టిరాయి పైకి తేలిన చోట మరల బయలుపడి, ఇసుక మేట లోతుగనున్న చోట మరల మునుగును. చెలమ త్రవ్వి నీరు తోడుకొను మన పల్లెటూరి స్త్రీలకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పవలసిన పని లేదు. ఆ నీరు తేటగ నున్నను కాచి చల్లార్చనిదే త్రాగరాదు. వేసవిలో అడవి జంతువులన్నియు చేరునవి ఆ మడుగులే; యాత్రికులు స్నానము చేయునవియు ఆ మడుగులే.

ఇక దారి. ఎగువ సన్నిధి గరుడాద్రి, వేదాద్రుల నడుమ కలదు. ఎఱ్ఱన 14వ శతాబ్దములో నృసింహపురాణమును రచించినప్పటికే ఈ క్షేత్రము ప్రసిద్ధము. కృష్ణదేవరాయలు 1515లో కళింగ దండయాత్ర నాటి కాలమున ఇచ్చటికి వచ్చి దేవునికి కానుకలు సమర్పించిన సంగతి శాసనము వలన తెలియుచున్నది. సన్నిధి దాటి ఒక కిలోమీటరు పోవునప్పటికి ఏటి యొడ్డుననే వరాహ నరసింహుని గుహ వచ్చును. ఇంతవరకు పిల్లలును సులభముగ నడువగలరు. అటుపిమ్మట దారి ఒకప్పుడు ఏటి గర్భములోని గుండ్లమీద, ఒకప్పుడు ఒడ్డున చెట్ల క్రింద, ఒకప్పుడు మెట్లమీద పోవును. మాలోల నరసింహుని సన్నిధికి, ప్రహ్లాదబడి యను రాతిగుహకు చీలుదారి కలదు. జ్వాలానరసింహుని గుహ ఎగువ సన్నిధికి సుమారు 4 కిలోమీటర్ల దూరమున, కొండచరియ క్రింద కలదు. వర్షాకాలములో ఆ చరియ మీదినుండి నీరు తెరవలె జారిపడును. వేసవిలో చినుకులు మాత్రము రాలుచుండును.

నాలుగు కిలోమీటర్లే గదాయని తేలికగ తలపరాదు. మైదానములో గంటలోపల నడచు దూరమునకు ఇచ్చట ఎక్కునప్పుడు రెండు గంటలు పట్టును, వృద్ధులున్నచో మూడు. జ్వాలను దాటి ఉగ్రస్తంభము వరకు ఎక్కుట మఱియు కష్టము. దారి నిట్టనిలువుగ నుండును, నీడ లేదు. వేసవిలో ఆ పని పెట్టుకొనకుండుటయే వివేకము. నవనారసింహులను ఒక్క దినములోనే సేవింపవలెనని పరుగులు తీయువారిని చూచినప్పుడు నాకు జాలి కలుగును. తొమ్మిదింటిలో భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహుల సన్నిధులు దిగువ అహోబిలమునకు సమీపమున, కారంజ నరసింహుని సన్నిధి ఎగువకు పోవు బాటమీద, పావన నరసింహుని సన్నిధి వేరొక దిక్కున దట్టమైన యడవిలోపల కలవు. శీతకాలములో రెండు దినములు కేటాయించి పోదగిన యాత్రను మే నెలలో ఒక పగటిలో ముగింపబూనుట భక్తికి గాని బుద్ధికి గాని నిదర్శనము కాదు.

లోయలో నడచువానికి ఇరుప్రక్కల కొండగోడలు నీడ నిచ్చునని చాలమంది తలంతురు. ఉదయము కొంతసేపు ఇది నిజమే. కాని అహోబిలమును బనగానపల్లెయు భూమధ్యరేఖకు ఉత్తరమున 15 డిగ్రీలకు కొంచెము పైగ నున్నవి. ఉత్తరాయణములో పైకి జరుగుచున్న సూర్యుడు మే నెల మొదటి దినములలో సరిగ మన నడినెత్తి మీదికి వచ్చును. ఆ దినములలో మిట్టమధ్యాహ్నము నిలువుగ పాతిన కఱ్ఱకు నీడ యుండదు. అట్లే నిలువుగ నున్న కొండగోడకును నీడ యుండదు. మన ప్రాంతమునకు ఆ మిట్టమధ్యాహ్నము గడియారములో సుమారు 12 గంటల 12 నిమిషములకు వచ్చును. ఏలయనగా దేశమంతటికి ఉమ్మడియైన కాలమానము మనకు తూర్పుననున్న రేఖాంశమును బట్టి నిర్ణయించినది. అంతటితో వేడి తగ్గునా? తగ్గదు. పగలంతయు కాగిన రాళ్లు తమలోని వేడిని గాలికి వదలుచుండును గనుక, సూర్యుడు వాలిన పిదప 2 గంటలు మొదలు 4 గంటల వరకు గాలి మిక్కిలి వేడిగ నుండును. ఆ వేళ గుండ్లమీద చేయి మోపలేము. మ్రొక్కుబడికై పాదరక్షలు లేక నడచువారి కాళ్లు బొబ్బలెక్కునది అప్పుడే. కావున 11 గంటలకు మునుపే గుహ చేరి, నీడలో విశ్రమించుటకో, వెంటనే మరలుటకో ఏర్పాటు చేసికొనవలెను.

అట్లయిన తెల్లవారకమునుపే బయలుదేరరాదా యని యడుగవచ్చును. రాదు. ఎండకు వెరచి చీకటిలో నడచువాడు జంతువుల వేళలో నడచుచున్నాడని యర్థము. నల్లమలలో చిఱుతపులి, ఎలుగుబంటి కలవు, పెద్దపులియు కలదు. ఉత్తరపు నల్లమల 1983లో నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల యభయారణ్యముగ ఏర్పడినది. ఇవియన్నియు పగటి వేడికి పొదలలో, గుహలలో పరుండి, వేకువను సంధ్యవేళను నీటికి వచ్చును. ఎలుగుబంటి రేలకాయలకు, పండిన తునికిపండ్లకు, చెదపుట్టలకు తిరుగుచుండును. తన పనిలో మునిగియున్న ఆ జంతువునకు మనుష్యుడు హఠాత్తుగ ఎదురగుటయే అపాయము. అందువలన సూర్యోదయమైన పిదప, వెలుతురు బాగుగ పరచుకొనినప్పుడు, గుంపుగ, మాటలాడుకొనుచు బయలుదేరవలెను. ఎండ మునుపే పొమ్మనును, అడవి తరువాత రమ్మనును. ఈ రెంటి నడుమ మిగిలిన ఉదయపు నాలుగైదు గంటలే మనవి. అటవీశాఖ వారు, దేవస్థానము వారు నిర్ణయించిన వేళలను దిగువ అహోబిలములోనే విచారించుకొని పోవుట అవసరము.

అడవిని గూర్చి కూడ కొంత చెప్పవలెను. వేసవిలో నల్లమల చాల భాగము మోడువారి యుండును. టేకు, నల్లమద్ది, చిఱుమాను, తునికి మొదలగు చెట్లు చలికాలము చివర నుండి ఆకు రాల్చును. ఇది చెట్టు చచ్చుట కాదు, పొదుపు. ఆకుల యడుగుననున్న సూక్ష్మరంధ్రముల గుండ చెట్టు నిరంతరము నీటిని ఆవిరిగ వదలుచుండును. నేలలో నీరు తగ్గినప్పుడు ఆకులను నిలుపుకొనుట దివాలాకు దారి. కావున చెట్టు వానిని విడిచి, తొలకరి వరకు కాచుకొనియుండును. కాని ఏటి యొడ్డున నిలిచిన తెల్లమద్ది, నేరేడు, కానుగ, మఱ్ఱి వంటి చెట్ల వేళ్లు ఇసుక క్రిందనున్న నీటిని అందుకొనును; వానికి ఈ పొదుపు అక్కరలేదు. కొండవాలు బూడిదవన్నెతో నుండగా ఏటి వెంట మాత్రము పచ్చని గీత సాగుట ఇందుచేతనే. తెల్లమద్దిని ఏరుమద్ది యనుటయు ఇందుచేతనే. ఈ పచ్చని గీతయే నడచువానికి గొడుగు. మోడైన యడవిలో అక్కడక్కడ రేలచెట్టు మాత్రము ఆకు లేని కొమ్మలనుండి పసుపుపచ్చని పూలగుత్తులను వ్రేలాడదీసికొని నిలుచును. పెండ్లివారింటి పందిరివలె నుండును ఆ చెట్టు!

రాలిన ఆకు మోకాటి బంటిగ పేరుకొనును. అగ్గిపుల్ల, ఆర్పని బీడీముక్క, గాలికి ఎగిరిన కర్పూరపు నిప్పు, ఏదియైనను చాలును. మంట వాలు మీదికి మనుష్యుడు పరుగెత్తుటకంటె వేగముగ ఎక్కును. దీపారాధన గుడిలోనే గాని, చెట్టు మొదటను రాతి సందులోను చేయరాదు. కొండచరియలకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులను గూర్చియు జాగ్రత్త వహింపవలెను. వాని క్రింద పొగ పెట్టుట, కేకలు వేయుట, రాళ్లు రువ్వుట ప్రాణాంతకములు. త్రాళ్ల సాయమున ఆ చరియలు దిగి తేనె తీయగలవారు చెంచులొక్కరే. వారి యాడుపడుచు చెంచులక్ష్మిని నరసింహస్వామి వివాహమాడెనని కదా కథ. ఏటేట సంక్రాంతి పండుగ పిదప స్వామి పారువేటకై బయలుదేరి, నలువది దినములకు పైగ చుట్టుప్రక్కల పల్లెలలో సంచరించి వచ్చుట నేటికిని జరుగుచున్నది.

దేహమును గూర్చిన సంగతి కడపట చెప్పుచున్నాను గాని, ముఖ్యమైనది ఇదియే. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. బయటి గాలి అంతకంటె వేడిగ నున్నప్పుడు శరీరము చల్లబడుటకు చెమట ఆవిరియగుట తప్ప వేరొక మార్గము లేదు. ఒక లీటరు చెమట ఆవిరియగునప్పుడు సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరమునుండి తొలగిపోవును. ఎండలో ఎత్తెక్కువాడు గంటకు ఒక లీటరు వరకును చెమటగ కోల్పోవచ్చును. దప్పి మాత్రము ఆ లోటునకు వెనుకబడి తెలియును. నాలుక ఎండిన తరువాత త్రాగుదమనుకొనువాడు అప్పటికే ఆలస్యము చేసినవాడు. పావుగంట కొకసారి కొన్ని గ్రుక్కలు త్రాగుచుండవలెను. మనిషికి మూడు లీటర్ల నీరు మోసికొనిపోవుట అధికము కాదు. చెమటతో ఉప్పును పోవును గనుక వట్టి నీరే చాలదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, లేక ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన పానీయము వెంట నుండవలెను. జొన్నరొట్టె, సెనగకాయల పొడి మూటగట్టుకొని పోవు మన పెద్దల యలవాటు మిక్కిలి మంచిది. అవి ఎండకు చెడవు. జేబులో ఉల్లిగడ్డ వేసికొనినచో వడదెబ్బ తగులదను నమ్మకము మన ప్రాంతములో కలదు. ఆ ఉల్లిగడ్డను రొట్టెతో నంజుకొనుట యుక్తము. జేబులో నుండి అది చేయు సాయమేమియు లేదు.

పిక్కలు పట్టుకొనుట, తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట మొదటి హెచ్చరికలు. అప్పుడే నీడన కూర్చుండి, ఉప్పుచక్కెర నీరు త్రాగి, ఆ దినమునకు ఎక్కుట మానవలెను. సన్నిధి కన్నులకు కనబడుచున్నను మానవలెను. మాట తడబడినను, సంబంధము లేని మాటలాడినను, స్పృహ తప్పినను అది వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటినదని యర్థము. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఏటి నీటితో ఒడలంతయు తడిపి విసరవలెను. స్పృహలేనివాని నోటిలో నీరు పోయరాదు. ఒకరు తడుపుచుండగా వేరొకరు డోలీ మోయువారిని పిలువబోవలెను. 108 వాహనము ఎగువ సన్నిధి వరకే రాగలదు. లోయలో సెల్‌ఫోను పలుకునను నమ్మకము పెట్టుకొనరాదు. బయలుదేరుటకు ముందు దినము రేడియోలో వచ్చు వాతావరణ సూచనను వినుడు. మైదానములో 45 డిగ్రీలు చేరునని చెప్పినచో అది వడగాలి దినము. ఆనాటి ప్రయాణము వాయిదా వేయుటలో చిన్నతనము లేదు.

అదే సూచనలో సాయంకాలము ఉరుములతో వానయని వినబడినచో దానిని చల్లని కబురుగ మాత్రమే ఎంచరాదు. వేసవిలో పగటి వేడికి పైకి లేచిన తేమ మధ్యాహ్నము దాటిన పిదప కొండలపై మేఘమై, ఒక గంటలోనే కుండపోతగ కురియవచ్చును. మనము నడచుచున్న చోట చినుకు లేకపోవచ్చును; మలుపునకు ఆవల ఎక్కడనో కురిసిన వాన నున్నని రాతి చరియలమీద నిలువక జారి, అంతయు ఈ యిరుకు లోయలోనికే వచ్చును. గడియ క్రితము మడుగులుగ నున్న ఏరు నడుమును ముంచుటకు ఎక్కువ సేపు పట్టదు. తూర్పు శిఖరములమీద మబ్బు నల్లబడినను, ఉరుము వినబడినను, తేటనీటిలో ఎర్రమట్టి రంగు కనబడినను, పుల్లలు, ఎండుటాకులు కొట్టుకొనివచ్చినను, స్నానము చేయుచున్న పిల్లలను వెంటనే పిలిచి, బట్టలు మూటలు ఏరుకొనుటకు నిలువక, ఏ ఒడ్డున దిగువకు దారి కలదో ఆ ఒడ్డుకే ఎక్కవలెను. అవతలి యొడ్డుకు చేరినవారు నీరు తీయువరకు అచ్చటనే యుండవలసి వచ్చును.